అటక మీది రాట్నం

1

"ఆ దరిద్రాన్ని మళ్లీ కిందకి ఎందుకు దించావురా?" అంది మా అమ్మ.

పొందూరులో అమ్మమ్మ ఇల్లు ఖాళీ చేస్తున్న రోజది. ఇత్తడి బిందెలు పెద్ద పిన్ని పట్టుకెళ్లింది, పందిరి మంచం మావయ్య తీసుకున్నాడు. అటక మీద చింకి చాపలో చుట్టి ఉన్న రాట్నం మాత్రం ఎవరి వాటాకీ రాలేదు. నేనడిగితే అందరూ నవ్వి సరేనన్నారు. అమ్మ ఒక్కత్తే నవ్వలేదు. కారు డిక్కీలో దాన్ని సర్దుతుంటే గుమ్మంలో నిలబడి చూసి, పై మాట అనేసి లోపలికి వెళ్లిపోయింది.

నేను చదివింది మెకానికల్ ఇంజినీరింగ్, చేసేది సాఫ్ట్‌వేర్. నా వయసు వాళ్లలో ఇలాంటివాళ్లు వీధికి పదిమంది ఉంటారు. చేత్తో ముట్టుకోగలిగిన వస్తువు ఒక్కటైనా తయారు చెయ్యకుండానే పదమూడేళ్లు ఉద్యోగం చేశాను. అందుకే కాబోలు, కొన్నాళ్లుగా పాత చెక్క పనిముట్లు, పాత యంత్రాలు బాగుచేసుకునే పిచ్చి ఒకటి పట్టుకుంది. బాల్కనీలో ఒక బల్ల, దానికో పట్టుకర్ర, ఒక చిత్రిక, నాలుగు ఉలులు, రెండు రంపాలు ఉన్నాయి. తుప్పు పట్టిన చిత్రిక బ్లేడుకి పదును పెట్టి, మొదటిసారి చెక్క మీద నుంచి ఉల్లిపొర లాంటి పొట్టు లేచినప్పుడు కలిగిన సంతోషం నాకు ఏ రిలీజుకీ కలగలేదు. ఆ ధీమాతోనే రాట్నం మీద చెయ్యి వేశాను.

ఈ వ్యాసం ఆ రాట్నాన్ని నేను ఎలా బాగుచేశానో చెప్పడానికి మొదలుపెట్టాను. రాస్తూ ఉంటే, 'బాగు' అంటే ఎవరికి బాగు అన్న దగ్గర ఆగిపోయాను.

2

పొందూరు గురించి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. శ్రీకాకుళం జిల్లాలో, హౌరా-చెన్నై రైలు మార్గం మీద ఉన్న చిన్న ఊరు. సన్న ఖద్దరుకి పేరు. 1949లో ఏర్పడిన ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఇక్కడిదే. ఇక్కడ నూరు, నూట ఇరవై కౌంటు నూలు ఇప్పటికీ చేత్తో వడుకుతారు. దూది ఏకడంలో ఊరికో ప్రత్యేకత ఉంది. గింజతో ఉన్న పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడకున్న సన్నటి పళ్ల వరస దువ్వెనలాగా పనిచేసి, నలకలు తీసేసి పోగుల్ని ఒక వైపుకి తిప్పుతుంది. తర్వాత చెక్క మీద ఇనుప కడ్డీ దొర్లించి గింజ తీస్తారు. చిన్న విల్లుతో దూది కొట్టి, ఏకులు చుట్టి, గాలికి పాడవకుండా ఎండిన అరటి దొప్పలో పెట్టుకుంటారు. ఇంత పని అయ్యాక గానీ రాట్నం దగ్గర కూర్చోవడం ఉండదు.

రాట్నం చూడటానికి చాలా చిన్న యంత్రం. కింద ఒక దిమ్మ, దాని మీద రెండు గుంజలు, వాటి మధ్య ఇరుసు. ఇరుసు చుట్టూ రెండు వరసల్లో ఇరవై నాలుగు ఆకులు, వాటి చివర్లని కలుపుతూ అడ్డదిడ్డంగా అల్లిన తాడు. ఆ అల్లిక మీద నుంచి ముందున్న కదురు దాకా ఒక దారం. చక్రం ఒక చుట్టు తిరిగితే కదురు పదుల చుట్లు తిరుగుతుంది. కుడి చెయ్యి పిడి తిప్పుతుంటే ఎడమ చెయ్యి ఏకుని వెనక్కి లాగుతుంది. చెయ్యి చాపినంత మేర పోగు సాగాక చక్రాన్ని కొంచెం వెనక్కి తిప్పి, కదురు కొస నుంచి పోగు విడదీసి, మళ్లీ ముందుకి తిప్పి కదురు మీదకి చుట్టాలి. ఈ 'కొంచెం వెనక్కి' అన్నది గుర్తుపెట్టుకోండి. నా కథ తప్పుదారి పట్టింది అక్కడే.

ఆరు శనాదివారాలు పట్టింది. మొదట మొత్తం విప్పాను. ఆకుల్లో మూడు పురుగు పట్టి పిండైపోయాయి. వాటి స్థానంలో టేకు ముక్కలు చెక్కి పెట్టాను. ఒక గుంజ అడుగున చీలింది. బంక పెట్టి, బిగించి, రెండు రోజులు ఆరబెట్టాను. పిడికి చుట్టిన చీరపీలిక నూనె, చెమట పట్టి నల్లగా అయిపోయింది, కోసి పారేశాను. ఇరుసు కన్నాల పక్కన, గుంజకీ చక్రానికీ మధ్య తాటాకు ముక్కలు మడిచి దోపి ఉన్నాయి. వాటిని చిమటాతో లాగి చెత్తబుట్టలో వేశాను. చక్రం పక్కకి ఊగుతోంది. డయల్ గేజి పెట్టి కొలిస్తే ఆరు మిల్లీమీటర్లు. ఆకులు సర్ది, సర్ది, దాన్ని ఒకటికి తెచ్చాను. ఇక అసలు గొప్ప ఆలోచన: ఇరుసుకి రెండు వైపులా బాల్ బేరింగులు కూర్చోబెట్టాను. ఉప్పుకాగితంతో మొత్తం రుద్ది, మూడు పూతలు వార్నిష్ వేశాను.

ఒక్కసారి వేలితో తోస్తే చక్రం దాదాపు నిమిషం సేపు తిరిగింది, చప్పుడు లేకుండా. వీడియో తీసి అమ్మకి చూపించాను. "బాగుంది" అని, టీవీ వైపు తిరిగింది.

3

పొందూరులో అమ్మమ్మ పక్కింట్లో ఒకావిడ ఉంది. వరస లేకపోయినా చిన్నప్పటి నుంచీ పిన్ని అనే పిలుస్తాను. ఇప్పటికీ వడుకుతుంది. ఇల్లు రిజిస్ట్రేషన్ పని మీద వెళ్లినప్పుడు రాట్నాన్ని కూడా తీసుకెళ్లాను. నిజం చెప్పాలంటే, మెప్పు కోసమే.

పిన్ని చుట్టూ తిరిగి చూసింది. "పెళ్లికూతుర్లా సేసినావు బావూ" అంది. సంతోషించాను. కూర్చుని ఏకు తీసుకుంది. పోగు తెగింది. మళ్లీ అంటించింది, మళ్లీ తెగింది. మూడోసారి చెయ్యి వెనక్కి తీసి చక్రం వైపు చూసింది. అది ఇంకా తిరుగుతూనే ఉంది.

"ఇది మన మాట ఇనట్నేదు. దాని దారిన అది పోతంది."

అప్పుడు అర్థమైంది. వడికే మనిషికి చక్రం తిరగడం ఎంత అవసరమో, చెయ్యి ఆపగానే ఆగడం అంతే అవసరం. ఆగితేనే వెనక్కి తిప్పగలం. నా బేరింగుల మీద చక్రం ఆగదు. ఆగనప్పుడు పోగుకి మెలి ఎక్కువైపోతుంది, మెలి ఎక్కువైతే తెగుతుంది. నేను చెత్త అనుకుని లాగేసిన తాటాకు ముక్కలే ఆ రాట్నానికి బ్రేకు. ఎంత మందం ముక్క పెట్టాలి, ఎన్ని మడతలు వెయ్యాలి, వానాకాలం చెక్క ఉబ్బినప్పుడు ఎంత తియ్యాలి, ఇదంతా అమ్మమ్మ తన చేతికి సరిపోయేట్టు ఏళ్ల తరబడి సర్దుకున్న సంగతి. ఆ రాట్నం మొత్తంలో అమ్మమ్మ సొంతంగా చేసిన భాగం ఏదైనా ఉందంటే, అదీ, పిడి మీది చీరపీలికా. సరిగ్గా ఆ రెండే తీసి పారేశాను.

పిన్ని లేచి, గోడకి దోపిన తాటాకు విసనకర్ర అంచు నుంచి ఒక ముక్క చింపింది. మడిచి, చక్రానికీ గుంజకీ మధ్య దోపింది. తిప్పి చూసి, తీసి, ఇంకో మడత వేసి మళ్లీ దోపింది. నాలుగోసారికి పోగు నిలిచింది.

రాబర్ట్ పిర్సిగ్ 1974లో రాసిన మోటార్ సైకిల్ పుస్తకం చదివినవాళ్లకి ఇక్కడ ఒక సంగతి గుర్తుకొస్తుంది. స్నేహితుడి ఖరీదైన బీఎండబ్ల్యూ బండి హ్యాండిల్ వదులైతే, బీరు డబ్బా రేకు ముక్క కత్తిరించి దోపితే సరిపోతుందంటాడు కథకుడు. స్నేహితుడు ఒప్పుకోడు, అంత గొప్ప బండికి తాగి పారేసిన డబ్బా ముక్కా అని అతని బాధ. ఆ పుస్తకం చదివిన రోజుల్లో నేను కథకుడి వైపే ఉన్నాననుకున్నాను. రాట్నం విషయంలో మాత్రం, తెలియకుండానే, ఆ స్నేహితుడి వైపు వెళ్లి నిలబడ్డాను.

ఆఫీసులో ఇదే తప్పు ఎవరైనా చేస్తే నేనే కోప్పడతాను. పాత కోడ్‌లో అర్థంకాని లైను కనిపిస్తే, అది ఎందుకుందో తెలిసేదాకా తియ్యొద్దని కొత్తగా చేరినవాళ్లకి చెప్పేది నేనే. మనిషి రాసిన కోడ్‌కి ఇచ్చే మర్యాద మనిషి దోపిన తాటాకుకి ఎందుకివ్వలేదు? కోడ్ రాసినవాడు నాలాంటి ఇంజినీరు కాబట్టి అతనికేదో కారణం ఉండి ఉంటుందనుకుంటాను. బడికి నాలుగేళ్లు మాత్రమే వెళ్లిన అమ్మమ్మకి కూడా కారణం ఉంటుందని తట్టలేదు. ఇది చిన్న పొరపాటుగా నేను అనుకోలేకపోతున్నాను.

4

పాతదాన్ని బాగుచెయ్యడం మీద యూరప్‌లో పంతొమ్మిదో శతాబ్దంలో పెద్ద గొడవే జరిగింది. ఫ్రాన్సులో వియొలే-ల్య-డ్యూక్ పాత చర్చిల్ని 'ఉండవలసిన' రూపానికి తీసుకురావాలన్నాడు, ఒకప్పుడు నిజంగా ఆ రూపం ఉందా లేదా అన్నది పక్కన పెట్టి మరీ. ఇంగ్లండులో జాన్ రస్కిన్ 1849లోనే దీనికి పూర్తిగా అడ్డం తిరిగాడు. పోయిన పనివాడి చేతిని తిరిగి తేలేమనీ, అలా తెచ్చామని చెప్పుకోవడం అబద్ధమనీ అతని వాదన. విలియం మారిస్ 1877లో పాత కట్టడాల రక్షణకి సంఘమే పెట్టాడు. రోజూ చిన్నచిన్న మరమ్మతులు చేస్తూ కాపాడుకోవాలి తప్ప మళ్లీ కొత్తగా చెయ్యకూడదని.

వీళ్లలో ఎవరి ప్రకారం చూసినా నా వార్నిష్ పని తప్పే. అమ్మమ్మ చెయ్యి పడీ పడీ నున్నగా అరిగిన చోటుని ఉప్పుకాగితంతో రుద్దేశాను. అది ఇక రాదు. కానీ రస్కిన్ మాటే పట్టుకుంటే పిన్ని చేసింది కూడా కుదరదు. అమ్మమ్మ రాట్నంలో ఎవరి విసనకర్ర ముక్కో పెట్టకూడదు కదా. రాట్నాన్ని అలాగే, తెగిన తాడుతో, పురుగు పట్టిన ఆకులతో, గాజు పెట్టెలో పెట్టుకోవాలి.

ఇలాంటిచోట అందరికీ గుర్తొచ్చేది థీసియస్ ఓడ. ఒక్కో పలకా మారుస్తూ పోతే చివరికి అది అదే ఓడా, వేరేదా? తెలుగు వెబ్ పత్రికల్లో ఈ ఓడ ఇప్పటికే చాలాసార్లు తీరం చేరింది కాబట్టి నేను దాన్ని మళ్లీ లాగను. మాకు దగ్గర్లోనే ఇంకో చెక్క ఉదాహరణ ఉంది. మా ఉత్తరాంధ్ర వాళ్లకి పూరీ ప్రయాణం పెద్ద విషయం కాదు. ఒక రాత్రి రైల్లో పడుకుంటే చాలు. అక్కడ జగన్నాథుడి విగ్రహం వేపకర్రది. ఆషాఢం అధికమాసమైన సంవత్సరం కొత్త వేపచెట్టు వెతికి, కొత్త విగ్రహం చెక్కుతారు. 1996లో జరిగింది, మళ్లీ 2015లో జరిగింది. పాత విగ్రహంలోని బ్రహ్మ పదార్థాన్ని, కళ్లకి గంతలు కట్టుకుని, కొత్తదానిలోకి మారుస్తారు. పాతదాన్ని ఆలయ ప్రాంగణంలోనే సమాధి చేస్తారు. మూడు రథాలైతే ఏటేటా కొత్తగానే కడతారు. పదహారు, పద్నాలుగు, పన్నెండు చక్రాలతో.

పూరీలో ఎవరూ ఇది ఆ దేవుడేనా అని తల పట్టుకున్నట్టు కనబడదు. తలుపులు తియ్యగానే ఆయన దర్శనమివ్వాలి, రథమెక్కాలి, ఊరు తిరగాలి. చెయ్యాల్సిన పని ఉన్నవాడికి గుర్తింపు సమస్య రాదు. ఇంకోటి కూడా గమనించాలి. ఏడాదికో రథం కట్టాలి కాబట్టే అక్కడ రథం కట్టే వడ్రంగులు మిగిలారు. రథాన్ని శాశ్వతంగా నిలిచేట్టు ఇనుముతో చేసి ఉంటే, రథం ఉండేది, దాన్ని చెయ్యగల చేతులు ఒక తరంలో పోయేవి. జపాన్‌లో ఇసే ఆలయాన్ని ఇరవై ఏళ్లకోసారి కొత్తగా కట్టడం వెనకా ఇదే ఫలితం కనిపిస్తుంది.

కాబట్టి, వస్తువుని బాగుచెయ్యడమంటే దాన్ని మళ్లీ పనిలో పెట్టడం, దానికోసం ఏ భాగం మార్చినా తప్పు లేదు అని తేల్చుకున్నాను. బేరింగులు పీకేసి, చెక్క బుష్షులు తొలిచి పెట్టాను. తాటాకు నేనే మడిచాను. విశాఖలో మా హాల్లో సోఫా పక్కన రాట్నం పెట్టాను. వచ్చినవాళ్లు ఫోటో తీసుకునేవాళ్లు. ఎవరైనా అడిగితే, ఇది ఇప్పటికీ పనిచేస్తుంది తెలుసా, అనేవాడిని.

పనిచేస్తుంది సరే, పని ఎవరు చేస్తున్నారు?

5

ఈ ప్రశ్న నాకు నాగ్గా రాలేదు. పిన్ని రాట్నం గుంజ విరిగిందనీ, వడ్రంగి దొరక్క ఇంకొకరి రాట్నం మీద వాళ్లు లేచిన వేళల్లో వడుకుతోందనీ అమ్మ ఫోన్‌లో ఎవరితోనో అంటుంటే విన్నాను. ఆ రోజు నేను అక్కడున్నంతసేపూ పిన్ని ఆ మాట అనలేదు.

"అయితే మన రాట్నం ఇచ్చేద్దామా?" అన్నాను అమ్మతో.

"ఇస్తే ఇయ్యి. పుణ్యం చేశాననుకోకు."

నాకు చిర్రెత్తుకొచ్చింది. వాదించాను. చేతి పని గౌరవం గురించి, గాంధీ గురించి, పొందూరు పేరు గురించి మాట్లాడాను. అమ్మ కాసేపు విని తన సంగతి చెప్పింది. బడికి వెళ్లే ముందు పత్తి దువ్వడం తన వంతు. "చేప దవడ, చేప దవడ అని నువ్వు అందరికీ గొప్పగా చెప్తావు. దాని పళ్లు నా వేళ్లకి గుచ్చుకునేవి." రాత్రిళ్లు అమ్మమ్మ ఎడమ భుజానికి ఉప్పు కాపడం పెట్టేది తనే. తన పెళ్లైన ఏడాదే రాట్నాన్ని అటకెక్కించింది. అమ్మమ్మ వద్దంటున్నా వినకుండా, తానే నిచ్చెన వేసుకుని. "ఆవేళ నాకెంత హాయిగా అనిపించిందో నీకు తెలీదు."

ఆ రాత్రి ఒక లెక్క వేశాను. మా రాట్నం చక్రం వ్యాసం 22 అంగుళాలు. కదురు మీద దారం కూర్చునే చోటు అర అంగుళం. అంటే చక్రం ఒక చుట్టుకి కదురు 44 చుట్లు. నూలుకి అంగుళానికి ఎన్ని మెలికలు కావాలన్నదానికి మిల్లుల్లో వాడే సూత్రం ఉంది: కౌంటు వర్గమూలాన్ని సుమారు నాలుగుతో గుణించాలి. నూరు కౌంటు వర్గమూలం పది, కాబట్టి అంగుళానికి 40 మెలికలు. ఇంచుమించుగా చక్రం ఒక చుట్టు తిరిగితే ఒక్క అంగుళం నూలు. కౌంటు లెక్కలో ఒక చిలప అంటే 840 గజాలు, అంటే 30,240 అంగుళాలు. ఒక్క చిలపకి చెయ్యి 27,500 సార్లు చక్రం తిప్పాలి. నూరు కౌంటు అంటే అలాంటి నూరు చిలపలు కలిస్తే ఒక పౌను బరువు. పౌను నూలుకి 27 లక్షల 50 వేల చుట్లు. మనం చేత్తో పట్టుకుని "ఎంత తేలిగ్గా ఉందో" అని మెచ్చుకునే బట్ట బరువు ఇది.

ఖద్దరు ఉద్యమానికి ఈ భుజం నొప్పి తెలియదని అనలేం. 1929లో అఖిల భారత చరఖా సంఘం మెరుగైన రాట్నానికి లక్ష రూపాయల బహుమతి ప్రకటించింది. దాని షరతుల్లో ఒకటి, ఒక స్త్రీ ఎనిమిది గంటలు పెద్ద శ్రమ లేకుండా నడపగలగాలని. ఇంకొకటి, ధర నూట యాభై రూపాయలు మించకూడదని. ఆ బహుమతి ఎవరికీ దక్కలేదు. అంతకు ముందు, 1924లో, యంత్రాలన్నిటికీ మీరు వ్యతిరేకమా అని అడిగిన రామచంద్రన్ అనే విద్యార్థికి గాంధీ ఒక మినహాయింపు చెప్పాడు: సింగర్ కుట్టు మిషను. భార్య చేత్తో కుట్టుకుంటూ పడే పాట్లు చూడలేక, ప్రేమతో దాన్ని కనిపెట్టాడని. ఐజాక్ సింగర్ సంసారాల సంగతి తెలిసినవాళ్లు ఈ మాటకి నవ్వుకోవచ్చు. అయినా గాంధీ పెట్టిన కొలబద్ద నాకు సరైనదిగానే తోస్తుంది. యంత్రం మీద మనిషి చేసే పని ఎవరి నొప్పి చూసి మొదలైంది? నేను రాట్నం విప్పినప్పుడు ఎవరి నొప్పీ చూడలేదు. చక్రం ఊగడం చూశాను.

6

గాంధీ ఆత్మకథలో అటకల ప్రస్తావన ఒకటి ఉంది. రాట్నం కోసం ఆయన చాలాకాలం వెతికాడు. 1909లో హింద్ స్వరాజ్ రాసేటప్పటికి ఆయన రాట్నాన్ని చూసి కూడా ఉండలేదు. చివరికి గంగాబెన్ అనే ఆవిడ గుజరాత్ అంతా తిరిగి, బరోడా సంస్థానంలోని విజాపూర్‌లో కనిపెట్టింది. అక్కడ చాలా ఇళ్లలో రాట్నాలున్నాయి, అన్నీ అటకల మీద, పనికిరాని కర్రల్లాగా. ఆ ఇళ్లవాళ్లు ఏమన్నారంటే, ఏకులు క్రమంగా తెచ్చిస్తామని, వడికిన నూలు కొంటామని ఎవరైనా మాట ఇస్తే, రాట్నాలు దించుతామని.

ఈ భాగం ఇంతకు ముందు చదివినప్పుడు, దొరికింది కదా అని సంతోషించి పేజీ తిప్పేశాను. ఇప్పుడు ఆ ఇళ్లవాళ్ల మాట దగ్గర ఆగాను. రాట్నం పాడైందని వాళ్లు చెప్పలేదు. బాగుచేసి పెట్టమనీ అడగలేదు. వాళ్లు అడిగినవి రెండు: దూది, కొనేవాడు. ఆ రెండూ ఉంటే గుంజ, ఇరుసు, తాటాకు వాళ్లే చూసుకుంటారు. ఆ రెండూ లేకపోతే నాలాంటివాడు ఎన్ని శనాదివారాలు వార్నిష్ వేసినా అది అటక మారిన రాట్నమే. అటక మీద నుంచి సోఫా పక్కకి, అంతే.

దాంతోపాటు ఇంకో సంగతి కూడా వాళ్ల మాటలో ఉంది. దించమంటే దించుతాం, కానీ మా షరతుల మీద. అంటే, దించకపోవడం కూడా వాళ్ల చేతిలో ఉంది. మా అమ్మ నిచ్చెన వేసుకుని రాట్నం అటకెక్కించడం ఒక నిర్ణయం. తన తల్లి భుజం చూసి, తన కూతురు, కొడుకు ఈ దిమ్మ ముందు కూర్చోకూడదని తీసుకున్న నిర్ణయం. నేను ఇంజినీరింగ్ చదివింది, ఈ పాత యంత్రాల సరదా పెంచుకోగలిగిందీ ఆ నిర్ణయం వల్లే. దాన్ని అడగకుండా కిందకి దించి, వార్నిష్ వేసి, 'మా వారసత్వం' అని ఫోటోలు తీయించుకున్నాను. పురాతన వస్తువుల ప్రేమలో సాధారణంగా జరిగే అన్యాయం ఇదేనేమో. వస్తువుని తయారు చేసినవాళ్లని గుర్తుపెట్టుకుంటాం. దాని మీద పనిచేసినవాళ్లని కూడా తలుచుకుంటాం, కొంచెం కన్నీళ్లతో. దాన్ని వదిలించుకున్నవాళ్లని మాత్రం ఏమీ తెలియనివాళ్లుగా చూస్తాం.

అలాగని అమ్మ మాటే చివరి మాట అనుకోలేను. పిన్ని వడుకుతోంది. ఆవిడకి రాట్నం కావాలి. ఆవిడని ఎవరూ బలవంతం చెయ్యలేదు. అయితే కావలసినన్ని దారులు కళ్ల ముందుండి ఏరుకుందనీ అనలేం. వడికే కూలి ఒక్కదాని మీద ఇల్లు నడవదని పొందూరులో అందరికీ తెలుసు. ఇంట్లో ఇంకో సంపాదన ఉండి, తన ఖర్చుకి తన డబ్బు ఉండాలనుకున్న ఆడవాళ్లే ఎక్కువగా రాట్నం దగ్గర కనిపిస్తారు. ఆ డబ్బు విలువ నేను నా జీతం పక్కన పెట్టి కొలవడం కూడా ఒక రకం పొగరే. అమ్మకి రాట్నం అటకెక్కడం స్వేచ్ఛ అయినట్టే, పిన్నికి రాట్నం కింద ఉండటం కొంత స్వేచ్ఛ. రెండూ ఒకే వస్తువు గురించి నిజమే. ఈ రెంటినీ కలిపి ఒక సూత్రం చెయ్యాలని చాలా రోజులు ప్రయత్నించాను, కుదరలేదు. కుదిరిందల్లా ఇంతవరకే: బాగుచేసే ముందు, దీని ముందు కూర్చునేది ఎవరో వాళ్లని అడగాలి. ఎవరూ లేకపోతే, దీన్ని వదిలేసింది ఎవరో వాళ్లని అడగాలి. ఇద్దరినీ అడగకుండా చేసే మరమ్మతు నా సరదా. సరదా తప్పేం కాదు, దానికి వారసత్వం అని పేరు పెట్టకుండా ఉన్నంతవరకు.

పోయిన సంక్రాంతికి రాట్నం పొందూరు తీసుకెళ్లాం. ఈసారి ముందే ఫోన్ చేసి పిన్నిని అడిగాను. "మీ యమ్మ ఒప్పుకుందేటి?" అని ఆవిడ మొదట అడిగింది అదే. అమ్మ కూడా వచ్చింది. నేను చెయ్యగలిగిన రెండో పని, పిన్ని విరిగిన గుంజకి కొత్తది చెక్కి పట్టుకెళ్లాను, దాంతో ఆవిడ పాతదీ నిలబడింది. ఏడాదికి మా ఇంట్లోకి కావలసిన పంచెలు, చొక్కా గుడ్డా ఊళ్లోనే కొనాలని అనుకున్నాం. దీంతో పొందూరు బతికిపోతుందని కాదు. రాట్నం ఇచ్చి, నూలు సంగతి మాకెందుకులే అనడం సగం పని అవుతుందని.

పిన్ని వచ్చీ రాగానే పిడి మీది నా వార్నిష్ తడిమి, "జారిపోతంది బావూ" అని, పాత చీర చింపి చుట్టేసింది. విసనకర్ర ఇప్పుడు ఇంకొంచెం చిన్నదైంది. వడకడం మొదలుపెట్టింది. అమ్మ కొంచెం దూరంగా, గుమ్మం దగ్గర పీట మీద కూర్చుంది. కాసేపు చూసింది. రాట్నం దగ్గరకి రాలేదు, ముట్టుకోలేదు.

"తాడు వదులుగా ఉంది" అంది. లేచి, టీ పెట్టడానికి లోపలికి వెళ్లిపోయింది.

పిన్ని తాడు బిగించింది.